కడుపుతో ఉన్నప్పుడు తిండి: బరంపురం నుంచి జయపురం దాకా మన వంటింట్లో ఏం చూసుకోవాలి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం. దక్షిణ ఒడిశాలోని ఈ ఊళ్ళల్లో తెలుగింటి వంట సగం మనది, సగం ఒడియా వాళ్ళది. పొద్దున తరవాణి అన్నం, మధ్యాహ్నం దాల్మా (కూరముక్కలు వేసిన పప్పు), సాయంత్రం ముఢి (మరమరాలు), రాత్రి చారు. కోడలు నెల తప్పిందని తెలియగానే రెండు వైపుల నుంచీ వద్దులు మొదలవుతాయి. బొప్పాయి వద్దు, అనాస వద్దు, నువ్వులు వద్దు, గుడ్డు వేడి, చేప వేడి, ఎక్కువ తింటే బిడ్డ లావై కాన్పు కష్టం. అన్నీ పాటిస్తే ఆ పిల్ల కంచంలో మిగిలేది తెల్లన్నం, చారు నీళ్ళు. ఇంతలో కుళాయి నీళ్ళు పోసిన మజ్జిగ, నిన్నటి అన్నం, ఈగలు వాలిన ఛెన (పాల విరుగుడు) మాత్రం ఎవరూ అడ్డు చెప్పకుండా లోపలికి పోతుంటాయి.

ఈ పద్ధతిని తిరగేయాలి. తినకూడని వాటి చిట్టా నిజానికి చిన్నది. చూసుకోవలసింది నీళ్ళు, వండి ఎంతసేపైంది, ఎవరి చెయ్యి ఎక్కడ పడింది అన్నవే. గర్భంతో ఉన్నప్పుడు ఒంటి రోగనిరోధక శక్తి తీరు మారుతుంది. మామూలు రోజుల్లో రెండు విరేచనాలతో పోయే సూక్ష్మజీవి అప్పుడు జ్వరంగా, నీరసంగా, కొన్నిసార్లు గర్భస్రావంగా తేలుతుంది.

1. ముందు నీళ్ళ సంగతి

వానాకాలంలో వచ్చే పచ్చకామెర్లలో హెపటైటిస్ ఇ అనే రకం ఉంది. మలం కలిసిన నీళ్ళ వల్ల వస్తుంది. ఇంట్లో మగవాళ్ళకు వస్తే సాధారణంగా కొన్ని వారాలు నీరసపడి లేస్తారు. అదే జబ్బు ఏడో నెల దాటిన గర్భిణికి వస్తే నూటికి 20 నుంచి 25 మంది చనిపోయే ప్రమాదం ఉంది. అందుకే ఈ పని మొదట పెట్టాం.

నీళ్ళు మట్టిగా ఉంటే మడత పెట్టిన శుభ్రమైన నూలు గుడ్డతో వడకట్టండి. పొయ్యి మీద పెట్టి, బుడగలు తెరలు తెరలుగా పైకి తన్నుకొచ్చాక ఇంకో నిమిషం మరగనివ్వండి. గోరువెచ్చన చేస్తే మరిగించినట్టు కాదు. కోరాపుట్ కొండల మీద కూడా ఆ ఒక్క నిమిషం సరిపోతుంది. మరిగిన గిన్నెలోనే మూతపెట్టి చల్లారనివ్వండి. వేరే బిందెలోకి వంపితే ఆ బిందెలో ఉన్నదంతా మళ్ళీ కలుస్తుంది. గ్లాసు ముంచకుండా పొడుగు కాడ గరిటెతో తీయండి. ఒక రోజుకు సరిపడా మాత్రమే కాచుకోండి.

చాలా ఇళ్ళల్లో జరిగే తప్పు ఇంకొకటి. తాగే నీళ్ళు బుద్ధిగా మరిగిస్తారు. మజ్జిగలో, పచ్చడి రుబ్బేటప్పుడు, పఖాళలో (నీళ్ళు పోసిన అన్నంలో), అంగన్‌వాడీ ఛతువా పిండి కలిపేటప్పుడు, నిమ్మరసంలో మాత్రం కుళాయి నీళ్ళే. పొయ్యి ఎక్కకుండా నోట్లోకి పోయే ప్రతి దాంట్లోనూ మరిగించిన నీళ్ళే పడాలి. ఐసు ముక్క కూడా ఈ లెక్కలోదే.

2. పఖాళ, చద్దన్నం, తరవాణి

మనం తరవాణి అంటాం, ఒడియా వాళ్ళు తోరాణి అంటారు. వేసవిలో బరంపురం ఎండకి అది లేకుండా రోజు గడవదు. పూర్తిగా మానెయ్యమనడం లేదు, చేసే తీరు మార్చుకోండి.

బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి గింజల రూపంలో ఉంటుంది. అన్నం ఉడికినా ఆ గింజలు చావవు. వండిన అన్నం గోరువెచ్చగా గంటల తరబడి గిన్నెలో ఉంటే అవి మొలకెత్తి విషం వదులుతాయి. వాంతులు తెప్పించే ఆ విషం అన్నాన్ని మళ్ళీ మరిగించినా పోదు. ‘వేడి చేసుకుని తిన్నాను కదా’ అన్న మాట ఇక్కడ చెల్లదు. పులిస్తే ఆ పులుపు దాన్ని అణుస్తుంది, నిజమే. కానీ పులుపు ఎక్కడానికి ముందు కొన్ని గంటలు గిన్నెలో ఏం పెరిగిందో మన చేతిలో లేదు. అందుకే రాత్రంతా నానిన బాసి పఖాళ కంటే అప్పటికప్పుడు చేసే సజ పఖాళ ఈ తొమ్మిది నెలలకూ మంచిది.

ఇలా చేయండి. ఉప్పుడు బియ్యం అన్నం వండి, దించిన వెంటనే వెడల్పాటి పళ్ళెంలో పలచగా పరవండి. గిన్నెలోనే వదిలేస్తే మధ్యలో వేడి గంటల కొద్దీ నిలిచిపోతుంది, పళ్ళెంలో అయితే అరగంటలో ఆరిపోతుంది. ఈగలు వాలకుండా పైన జాలీ మూత. ఆరాక ఒక వంతు అన్నానికి రెండు వంతులు మరిగించి చల్లార్చిన నీళ్ళు పోయండి. ఆ రోజు తోడుకున్న పెరుగు రెండు మూడు చెంచాలు, దంచిన అల్లం చిన్న ముక్క, నిమ్మాకు నలిపి ఒకటి, ఉప్పు చిటికెడు. ఆ పులుపు, ఆ చలవ రెండూ వస్తాయి. గంటలోపల తినేయండి.

పులిసినది లేకపోతే ముద్ద దిగదు అనేవాళ్ళు కనీసం ఇవి పాటించండి. మట్టికుండ అయితే సబ్బుతో కాదు, సలసల కాగే నీళ్ళతో కడిగి ఎండలో పూర్తిగా ఆరబెట్టాలి. అన్నం ఇందాక చెప్పినట్టే పళ్ళెంలో త్వరగా చల్లార్చాలి. నీళ్ళు మరిగించినవి. ఒక చెంచా తాజా పెరుగు తోడు వేస్తే పులుపు త్వరగా ఎక్కుతుంది, చెడ్డవాటికి అవకాశం తగ్గుతుంది. రాత్రి వేసింది పొద్దున తినేయాలి, మధ్యాహ్నానికి ఉంచకూడదు. తీగలాగా సాగినా, పైన గులాబీ రంగు, నల్ల చుక్కలు కనిపించినా, పుల్లటి వాసన కాకుండా మురుగు వాసన కొట్టినా పారబోయండి. రుచి చూసి తేల్చుకోవద్దు. నెలల తరబడి ఖాళీ చేయకుండా, పైన పైన గంజి కలుపుతూ పోయే తరవాణి కుండ జోలికి మాత్రం వెళ్ళకండి.

మిగతా వంటకీ గడియారం ఇదే. వండినది రెండు గంటలకు మించి బయట ఉండకూడదు. ఎండాకాలంలో అయితే గంటే. ఫ్రిజ్‌లో పెట్టింది మర్నాటికల్లా తినాలి, ఒక్కసారే వేడి చేయాలి, కూర మధ్యలో కూడా ఆవిరి రావాలి. లిస్టీరియా అనే సూక్ష్మజీవి ఫ్రిజ్ చల్లదనంలో కూడా పెరుగుతుంది. తల్లికి కొద్దిపాటి జ్వరంలా వచ్చి, లోపల బిడ్డ ప్రాణం మీదికి తెస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టాం కదా అన్న ధీమా అందుకే పనికిరాదు.

3. చేప, గుడ్డు, మాంసం

గోపాలపురం రేవు, చిలికా సరస్సు దగ్గర్లో పెట్టుకుని చేపలు మానేయడం అన్యాయం. బిడ్డ మెదడుకు కావలసిన కొవ్వు చేపలో ఉంది. వారానికి రెండు మూడుసార్లు, మొత్తం కలిపి 250 నుంచి 350 గ్రాములు తినండి. కవళ్ళు, నెత్తళ్ళు, కానాగంతలు, రొయ్యలు, చెరువు రాగండి, బొచ్చె అన్నీ మంచివే. చిన్న చేపలో పాదరసం తక్కువ, ముల్లుతో నమిలితే కాల్షియం అదనం. పెద్ద చేపలు చిన్నవాటిని తిని బతుకుతాయి కాబట్టి పాదరసం వాటి ఒంట్లో పోగుపడుతుంది. సొర, కొమ్ముకోనాం వద్దు. వంజరం, పెద్ద సూర ఎప్పుడో ఒకసారి చాలు. బాలింతకు పాలసొర పెట్టే ఆచారం కాన్పు తరవాతి మాట, ఇప్పటిది కాదు.

చేప ఉడికిందో లేదో ఎలా తెలుస్తుంది? ముక్క అద్దంలా మెరవడం పోయి తెల్లబడాలి, వేలితో నొక్కితే పొరలుగా విడిపోవాలి. గుడ్డు పది పన్నెండు నిమిషాలు ఉడికించండి, పచ్చసొన జారకూడదు. కోడి, మేక ముక్క కోస్తే లోపల గులాబీ రంగు రసం కారకూడదు. పచ్చి మాంసం కోసిన పీట మీదే కీరా, ఉల్లి తరగొద్దు. కుళాయి కింద కోడిని కడిగితే ఆ తుంపరలు పక్కనున్న గిన్నెల మీద పడతాయి. కడగక తప్పదంటే గిన్నెలో నీళ్ళు పోసి మెల్లగా కడిగి, ఆ చోటు సబ్బుతో తుడవండి. పిల్లి తిరిగే పెరట్లో పెరిగిన ఆకుకూర, కొత్తిమీర మూడు నీళ్ళు కడగాలి. పిల్లి మలంలోంచి మట్టిలోకి టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి చేరుతుంది.

ఎండు చేప, అంటే శుఖువా. ఇసుకలో ఎండబెట్టినదానికి ఇసుకా ఉప్పూ రెండూ ఎక్కువే. గోరువెచ్చని నీళ్ళలో అరగంట నానబెట్టి, మూడుసార్లు కడిగి, బాగా వేయించండి. బూజు, జిగురు ఉన్నది కొనొద్దు. సరిగ్గా ఎండని చేపలో హిస్టమిన్ అనేది పుడుతుంది. తిన్న కాసేపటికే ముఖం ఎర్రబడి, దురద, తలనొప్పి వస్తే అదే కారణం కావచ్చు. వేయించినా అది పోదు. బీపీ ఉన్నవాళ్ళు శుఖువా, అప్పడాలు, ఊరగాయ మూడింటినీ బాగా తగ్గించాలి. బరంపురంలో ఉంటూ అప్పడం, ఆవకాయ వద్దంటే ఎవరూ వినరని తెలుసు. కనీసం మూడూ ఒకే పూట వద్దు.

కాలేయం మాట. రక్తం పడుతుందని వారం వారం మేక కాలేయం పెడతారు. అందులో విటమిన్ ఎ మోతాదు చాలా ఎక్కువ, అతి అయితే మొదటి నెలల్లో బిడ్డ అవయవాలు ఏర్పడడంలో తేడా చేస్తుంది. మొదటి మూడు నెలలు అసలు వద్దు. తరవాత ఎప్పుడైనా రెండు ముక్కలు, అంతే.

4. పాలు, ఛెన, బజారు తిండి

పాకెట్ పాలైనా, పాలవాడి పాలైనా పొంగు వచ్చేదాకా కాచి తాగండి. ఛెన కాచిన పాలు విరగ్గొట్టి చేసేదే, కాబట్టి పుట్టుకలో తప్పు లేదు. తరవాత గుడ్డలో వేలాడదీసి, చేత్తో పిసికి, తెరిచిన తట్టలో గంటల కొద్దీ ఉంచడంలో తప్పు జరుగుతుంది. పాకంలో ఉడికిన వేడి రసగుల్ల, పొయ్యిలోంచి తీసిన ఛెన పోడ (కాల్చిన ఛెన మిఠాయి) అదే రోజు తినొచ్చు. బజారు ఛెన పచ్చిగా వద్దు. ఇంట్లో నిమ్మరసం పిండి చేసుకుంటే పావుగంట పని.

గుప్‌చుప్ (పానీపూరీ) నీళ్ళు వద్దు. ఇందులో బేరం లేదు. ఒకే కుండలో చెయ్యి ముంచి ముంచి ఇచ్చే నీళ్ళు అవి. దహీబరా (పెరుగువడ) కూడా అంతే, పెరుగు పలచన చేసిన నీళ్ళు ఎక్కడివో తెలియదు. బజార్లో తప్పక తినాల్సి వస్తే ఎదురుగా పొయ్యి మీద కుతకుతలాడుతున్న ఘుగుని (బఠాణీ కూర), నూనెలోంచి అప్పుడే తీసిన బజ్జీ, తొక్క మీరే ఒలుచుకునే అరటిపండు నయం. కోసి పెట్టిన పుచ్చకాయ ముక్కలు, చెరకు రసం వద్దు. బరంపురం ఠాకురాణి యాత్ర (అమ్మవారి జాతర) రోజుల్లో బంధువులంతా లాగుతారు. ఇంట్లో కడుపు నింపుకుని వెళ్ళండి.

5. పేరు పెట్టి భయపెట్టేవి, పేరు లేకుండా భయపెట్టాల్సినవి

బొప్పాయి. ఒడియాలో అమృతభండ. పచ్చికాయలో ఉండే పాలే గొడవ. ఎలుకల గర్భాశయం మీద చేసిన పరీక్షల్లో ఆ పాలు సంకోచాలు తెప్పించాయి, పండిన బొప్పాయి రసం తెప్పించలేదు. కాబట్టి బాగా పండినది తినండి, పచ్చిదీ దోరదీ వద్దు. చిక్కల్లా దాల్మాతో. అందులో పచ్చి బొప్పాయి ముక్కలు వేయడం అలవాటు. వాటి బదులు గుమ్మడి, ఆనపకాయ, మునక్కాడ, పచ్చి అరటి వేసుకుంటే రుచికి లోటేమీ రాదు. విందులో దాల్మా వడ్డిస్తే ముక్క పక్కన పెట్టి పప్పు తినండి, భయపడక్కర్లేదు. అనాస, నువ్వులు, వంకాయ మామూలుగా వంటల్లో తినే మోతాదులో ఏ హానీ చేయవు.

టెంకపిండి గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. మామిడి టెంకలోని జీడిని దంచి, కడిగి, అంబలి కాచుకోవడం కొండ ఊళ్ళల్లో పాత అలవాటు. 2001లో రాయగడ జిల్లా కాశీపూర్‌లో, 2024లో కంధమాల్ జిల్లాలో టెంక జావ తిని మనుషులు చనిపోయారు. తడిగా నిలవ చేసిన జీడికి బూజు పడుతుంది, ఆ విషం వంటతో పోదు. గర్భిణికి ఒక్క గరిటె కూడా వద్దు. బియ్యం అయిపోయి అది వండాల్సిన పరిస్థితే ఉంటే ఆశా దీదీకి, అంగన్‌వాడీ దీదీకి వెంటనే చెప్పండి. అడవి పుట్టగొడుగులకూ ఇదే మాట. ఏది మంచిదో తెలిసిన పెద్దలు కూడా పొరబడతారు.

వెదురు కొమ్ముల్లో, కర్రపెండలంలో సయనైడు పుట్టించే పదార్థం ఉంటుంది. సన్నగా తరిగి, మూత తీసి ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ కొత్త నీళ్ళతో ఉడికించాలి. కాస్త చేదు తగిలినా వదిలేయండి.

ఆవనూనె విడిగా కొలిచి అమ్మేది కొనకండి. బ్రహ్మదండి గింజల నూనె కలిస్తే కాళ్ళవాపు, ఆయాసం వస్తాయి. కడుపుతో ఉన్నావు కాబట్టి కాళ్ళు వాచాయిలే అని ఇంట్లోవాళ్ళు వదిలేసే ప్రమాదం ఉంది. సీలు ఉన్న పాకెట్టే కొనండి.

ఇంకోటి ఉప్పు. గంజాం జిల్లాలో హుమ్మా ఉప్పు మళ్ళు దగ్గర కాబట్టి కల్లుప్పు చవగ్గా దొరుకుతుంది. అయోడిన్ కలిపినట్టు పాకెట్ మీద రాసి ఉంటే తప్ప అందులో చాలినంత అయోడిన్ ఉండదు. గర్భిణికి రోజుకు 250 మైక్రోగ్రాముల అయోడిన్ కావాలి. తగ్గితే బిడ్డ మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. ఊరగాయలకు కల్లుప్పు వాడుకోండి, రోజు వంటకి అయోడిన్ ఉప్పు. మూత గట్టిగా ఉన్న డబ్బాలో ఉంచి, కూర దించే ముందు వేయండి.

6. ఎంత తినాలి

హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో నాలుగో నెల నుంచి రోజుకు 350 కాలరీలు అదనం. ‘ఇద్దరి కోసం తినడం’ అంటే రెండు కంచాలు కాదు. గుప్పెడు వేరుశెనగ పప్పులు, ఒక అరటిపండు, చిన్న గ్లాసు పాలు, ఇంతే ఆ అదనం. మామూలు బరువున్న మనిషి మొత్తం మీద 10 నుంచి 12 కిలోలు పెరగాలి. మొదటే సన్నగా ఉంటే ఇంకొంచెం ఎక్కువ. ఎక్కువ తింటే బిడ్డ లావై కాన్పు కష్టమని తిండి తగ్గించే అలవాటు పెద్దవాళ్ళల్లో ఇంకా ఉంది. తిండి తగ్గిస్తే కాన్పు సులువు కాదు. బిడ్డ తక్కువ బరువుతో పుడుతుంది, తల్లికి రక్తం చాలదు.

వేవిళ్ళ నెలల్లో లెక్కలు పక్కన పెట్టండి. మంచం పక్కన డబ్బాలో పొడి ముఢి ఉంచుకుని, లేవకముందే గుప్పెడు నమిలి, పావుగంట ఆగి లేవండి. తిండీ నీళ్ళూ కలపకుండా, రెండింటికీ మధ్య అరగంట ఇచ్చి, రెండు గంటలకోసారి కొంచెం కొంచెం తినండి. పోపు వాసన పడకపోతే చల్లారిన అన్నం, పెరుగు సులువుగా దిగుతాయి. మట్టి, బలపం, పచ్చి బియ్యం తినాలనిపిస్తే సిగ్గుపడి దాచొద్దు. ఇనుము తగ్గిందని ఒళ్ళు చెబుతూ ఉండొచ్చు, రక్తపరీక్ష చేయించుకోండి.

అంగన్‌వాడీలో ఇచ్చే ఛతువా పాకెట్టు చాలా ఇళ్ళల్లో పిల్లలందరికీ పంచిపెట్టేస్తారు, గర్భిణికి రెండు చెంచాలు మిగులుతాయి. అది మీ వాటా. గోధుమ, సెనగ, వేరుశెనగ, పంచదార కలిసిన పిండి. చల్లనీళ్ళలో కలిపి తాగేయకండి. నాలుగైదు పెద్ద చెంచాల పిండిని ముందు కొంచెం నీళ్ళలో ఉండ లేకుండా కలిపి, కాగే నీళ్ళలోనో పాలలోనో పోసి మూడు నాలుగు నిమిషాలు ఉడకనివ్వండి. పాకెట్టు చిరిగి ఉన్నా, ఉండ కట్టినా, వేరుశెనగ చేదుగా తగిలినా తినకుండా తిరిగి ఇచ్చేయండి. తడి చెంచా డబ్బాలో పెట్టకండి.

చోళ్ళు (రాగులు), ఒడియాలో మాండియా. నూరు గ్రాముల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. మునగాకు వేసిన పప్పు, చోడి అంబలి, ఒక గుడ్డు, చిన్న చేపలు, ఒక పండు ఉన్న రోజు మంచి రోజు. అన్నం వార్చి గంజి పారబోయకండి.

7. మాత్రలు, టీ, అంబలి: ఏది దేనితో పడదు

మొదటి మూడు నెలలు ఫోలిక్ ఆసిడ్. నాలుగో నెల నుంచి ఎర్ర మాత్ర రోజుకొకటి, 180 రోజులు. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆసిడ్ ఉంటాయి. కాల్షియం 500 మిల్లీగ్రాములవి రోజుకు రెండు. నాలుగో నెల దాటాక నులిపురుగుల మాత్ర ఒక్కసారి.

ఎర్ర మాత్ర వేసుకున్నా రక్తం పెరగలేదంటే తప్పు వేళది కావచ్చు. టీలోని వగరు ఇనుమును పట్టేస్తుంది. కాల్షియం కూడా అంతే. చోడి అంబలి, పాలు కూడా ఆ పూట వద్దు. సులువైన ఏర్పాటు చెబుతాం. పొద్దున టిఫిన్ తరవాత ఒక కాల్షియం, మధ్యాహ్నం భోజనం తరవాత ఇంకోటి, రాత్రి అన్నం తిన్న గంటకు ఎర్ర మాత్ర, అరచెక్క నిమ్మరసంతోనో ఉసిరికాయతోనో. టీ మాత్రకు కనీసం గంట దూరంలో ఉండాలి. మలం నల్లగా వస్తే భయపడకండి. మలబద్ధకం అయితే నీళ్ళు, ఆకుకూర పెంచండి, మాత్ర మానకండి. కాఫీ, టీ కలిపి కెఫీన్ రోజుకు 200 మిల్లీగ్రాములు దాటొద్దు. చిన్న కప్పులు రెండు మూడుతో ఆపేస్తే సరి.

హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువైతే రక్తహీనత, 7 కంటే తక్కువైతే ఆసుపత్రి పని. ఈ జిల్లాల్లో రెండు కారణాలు తిండితో తీరవు. ఒకటి మలేరియా, జ్వరం వస్తే ‘వేడి చేసింది’ అనుకోకుండా ఆ రోజే రక్తపరీక్ష. రెండోది సికిల్ సెల్, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు. కోరాపుట్, రాయగడ వైపు ఉన్న కుటుంబాలు తప్పకుండా పరీక్ష చేయించుకోవాలి. ఆ జబ్బు ఉంటే ఇనుము మాత్ర ఎంతో డాక్టరే చెప్పాలి, నీళ్ళు మాత్రం బాగా తాగాలి.

75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటలకు చేసే పరీక్షలో చక్కెర 140 లేదా అంతకంటే ఎక్కువ వస్తే గర్భధారణ మధుమేహం. మొదటిసారి వెళ్ళినప్పుడు ఒకసారి, 24 నుంచి 28 వారాల మధ్య ఇంకోసారి. అది ఉన్నవాళ్ళు మార్గశిర గురువారాల ఉపవాసం, గ్రహణం పూట పస్తు పెట్టుకోవద్దు. లేనివాళ్ళు కూడా పాలు, పండ్లయినా తీసుకోండి, నీళ్ళు మానొద్దు.

8. తిండి కాకపోయినా నోట్లోకి పోయేవి

గుడాఖుతో రోజుకు మూడు నాలుగుసార్లు పళ్ళు తోముకునే ఆడవాళ్ళు దాన్ని పొగాకుగా లెక్కపెట్టరు. అది పొగాకే. కిళ్ళీలో జర్దా, అడ్డపొగ చుట్ట కూడా. నికోటిన్ మాయకు రక్తం తగ్గిస్తుంది, బిడ్డ బరువు తగ్గుతుంది. కడుపు తేలికవుతుందనో, పంటి నొప్పికనో మొదలుపెట్టి ఉంటే ఆ రెండింటికీ డాక్టరు దగ్గర వేరే మందుంది. ఇప్పసారా, జీలుగు కల్లుల్లో ఇంత వరకు ఫరవాలేదు అనే మోతాదు లేదు.

9. తేడా వస్తే

వాంతులు, విరేచనాలు మొదలవగానే ఓఆర్‌ఎస్ పాకెట్టు ఒకటి లీటరు మరిగించిన నీళ్ళలో కలిపి, గుక్క గుక్కగా తాగండి. పాకెట్టు లేకపోతే లీటరు నీళ్ళకు ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు. షాపువాడు ఇచ్చే విరేచనాల మాత్ర వేసుకోవద్దు. జ్వరం వచ్చినా, మలంలో రక్తం పడినా, ఎనిమిది గంటలుగా మూత్రం రాకపోయినా, కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగైనా, కడుపులో బిడ్డ కదలిక తగ్గినా తెల్లారేదాకా ఆగకండి. ముఖం, చేతులు వాచి, తలనొప్పితో కళ్ళు మసకబారితే అది ఉప్పు తగ్గిస్తే పోయే బీపీ కాదు. ఒడిశాలో గర్భిణుల బండికి 102, అత్యవసరానికి 108. ఏం తిన్నారో, ఎన్ని గంటలకు తిన్నారో ఒక కాగితం మీద రాసి పట్టుకెళ్ళండి, డాక్టరు మొదట అడిగేది అదే.

కాన్పుకి పుట్టింటికి సరిహద్దు దాటేవాళ్ళకు ఒక మాట. పర్లాకిమిడికి పాతపట్నం, బరంపురానికి ఇచ్ఛాపురం పక్కనే అనిపిస్తాయి, కానీ రాష్ట్రం మారితే ఆశా కార్యకర్త మారుతుంది, రిజిస్టరు మారుతుంది. మధ్యలో పదిహేను, ఇరవై రోజులు మాత్రలు అందని ఖాళీ వస్తుంది. బయల్దేరే ముందు నెలకు సరిపడా ఎర్ర మాత్రలు, కాల్షియం అడిగి తీసుకోండి. మమతా కార్డు (గర్భిణి పరీక్షలు రాసే కార్డు) ఒడియాలో ఉంటుంది కాబట్టి హిమోగ్లోబిన్, బీపీ, చక్కెర అంకెలు, సికిల్ సెల్ పరీక్ష ఫలితం తెలుగులో వెనక పేజీ మీద రాయించుకోండి. దిగిన వారంలోపే అక్కడి ఆశాకి ఆ కార్డు చూపించండి.